నంబరు చెప్పింది ఎవరు?

"అమ్మా! నా కాలేజీ ఏదమ్మా? ఎవరు మార్చిన్రు?"

పూజిత పెట్టిన కేకకు, వాకిట్లో పాలక్యాన్లు కడుగుతున్న ఆండాలు గుండె గుభేలుమంది! ఇంజనీరింగ్ సీట్ల జాబితా ఆ ఉదయమే వచ్చింది. పూజిత మొదటి ఆప్షన్‌గా పెట్టుకున్నది వరంగల్ కాలేజీలో సివిల్. స్నేహితురాలితో కలిసి బస్సెక్కి వెళ్లి, ల్యాబులన్నీ తిరిగి చూసి, సీనియర్లను అడిగి అడిగి ఎంచుకున్న కాలేజీ అది! వచ్చిందేమో తాముండే కార్వాన్‌కు దగ్గర్లోనే, గుడిమల్కాపూర్ అవతల, ఎవరూ పేరైనా వినని కాలేజీలో!

"ఇది నేను పెట్టనే లేదమ్మా! ఆఖరి దినం ఎవరో నా లిస్టు తెరిచి దీన్ని పైన పెట్టిన్రు..."

ఎవరో ఆండాలుకు తెలుసు... తన అన్న రవీందర్! ఉస్మాన్‌గంజ్‌లోని అతని దుకాణంలో, అతని కంప్యూటర్ మీదే పూజిత ఫారం నింపింది. ఆఖరి రోజు అతనే ఆండాలుకు ఫోన్ చేశాడు. "ఆడపిల్లను గంత దూరం హాస్టల్ల ఏస్తవా చెల్లే? రేపు ఏమన్నైతే ఎవరు జిమ్మేదార్? లిస్టు తెరవాల్నంటే నీ ఫోన్‌కు ఒక నంబరొస్తది, అది చెప్పు. దగ్గరి కాలేజీ పైన పెడ్త" అన్నాడు. ఆండాలు తెలియక చెప్పలేదు... తెలిసే చెప్పింది! సాయంత్రమయ్యేసరికి బిడ్డ ఇంటికొస్తుంది, తన చేతి ముద్ద తింటుంది... ఆ ఆశే ఆమె కళ్లకు పొరలా కమ్మింది!

అప్పుడే పాలు పోసి వచ్చిన తండ్రి కొండల్ మీదికి పూజిత ఉరికింది. "నువ్వే గదా బాపూ? హాస్టల్ వద్దని ముందుగాల లొల్లి చేసింది నువ్వే!"

కొండల్ ఒక్కసారి భార్య ముఖంలోకి చూశాడు. "అవు బిడ్డా... నేనే మార్పిచ్చిన."

ఆండాలు కొయ్యబారిపోయింది! పూజిత వెక్కిళ్లు పెడుతూ లోపలికి పరుగెత్తి గడియ పెట్టుకుంది.

"ఏందయ్యా గిది? చెయ్యని తప్పు నెత్తిన ఏస్కుంటివి!"

"నువ్వు మీ అన్నతోని మాట్లాడుతుంటే ఇన్న ఆండాలూ. పిల్ల దగ్గరుంటదంటే నాకు గూడ మంచిగనిపిచ్చింది... నోరు మూసుకున్న. నన్నైతే నాలుగు దినాలు తిట్టి ఊకుంటది. నీ మీద మనసు ఇరిగితే, దాని బాధ ఎవరికి చెప్పుకుంటది?"

ఇంత మంచి మనిషిని దోషిగా నిలబెట్టి, తాను దేవతలా తిరగాలా? ఆండాలు పరుగున వెళ్లి తలుపు బాదింది.

"తియ్యి బిడ్డా! మీ బాపు అబద్ధమాడిండు! నంబరు చెప్పింది నేను... మీ అమ్మను!"

తలుపు తెరుచుకుంది. పూజిత ఏడవలేదు, అరవలేదు. కొత్త మనిషిని చూసినట్లు చూసింది. "నువ్వా... అమ్మా?" అంది. అంతే! ఆ చూపు కన్నా చెంపదెబ్బ నయం అనిపించింది ఆండాలుకు.

ఆ పూటే అన్నకు ఫోన్ చేసి, "నా బిడ్డ చదువు జోలికి ఇంక రాకు అన్నా! తప్పు నాదే... గని నువ్వు రాకు!" అని తెగేసి చెప్పింది.

రెండో విడతలో పూజిత తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ ఆప్షన్లు నింపింది. వరంగల్ సీట్లు అప్పటికే నిండిపోయాయి. పోయింది పోయినట్టే! సిద్దిపేట దగ్గరి కాలేజీలో సివిల్ దొరికింది. అదీ హాస్టలే! పదకొండు రోజులు తల్లితో ఒక్క మాటా లేదు. చేరే రోజున ఆండాలే పెట్టె ఎత్తుకుంది. "నేనే దిగబెడ్త బిడ్డా" అంది. పూజిత వద్దనలేదు.

హాస్టల్ గదిలో స్రవ్య అనే అమ్మాయి అప్పటికే పక్క పరుచుకుంటోంది. ఆండాలును చూసి నవ్వింది. "ఇంత దూరం ఎట్ల ఒప్పుకున్నరు ఆంటీ? మా అమ్మ మస్తు ఏడ్చింది. పంపనే పంపనన్నది!"

ఆండాలు ముఖం పాలిపోయింది. తల వంచుకుంది... అప్పుడు వెనక నుంచి పూజిత గొంతు వినిపించింది.

"మా అమ్మ గట్ల కాదు. పెట్టె మోస్కుంటొచ్చి మరీ చేర్పిచ్చింది."

ఆండాలు ఉలిక్కిపడి తలెత్తింది. పూజిత కళ్ల నిండా నీళ్లు!

"బస్సుకు టైమైతుందమ్మా... ఇంటికి పోయినంక ఫోన్ చెయ్యి" అంది, తల్లి చెయ్యి మాత్రం వదలకుండా.