సగం తువ్వాలు

"బండి నడవట్లేదు సెనో, పాకుతోంది."

వెనింగ్ స్కూటర్‌కి స్టాండ్ వేసి, మెకానిక్ షెడ్డు ముందున్న పాత టైరు మీద కూలబడింది. హెల్మెట్ తీసే ఓపిక కూడా లేదు. సెనో పనిలోంచి తలెత్తి చూశాడు. అతని కళ్ల కింద కూడా నల్లటి చారలే. ఒకళ్లనొకళ్లు చూసుకుని సిగ్గుపడాల్సిన వయసు. ఇద్దరూ కలిసి ఆవలించారు.

"మళ్లీ ఏమైంది?"

"కొండ మొదట్లో బాగానే ఉంది. సగానికొచ్చేసరికి ఎంత తిప్పినా మూలుగుతుందే తప్ప కదలదు. పొట్టేసుకుని జాగింగ్ చేసే పెద్దాయన ఒకాయన నన్ను దాటేసి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు తెలుసా?"

సెనో నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు.

వెనింగ్ ఇల్లు సెమరాంగ్ ఊరి కింది భాగంలో, పోటు వస్తే సముద్రం పిలవని చుట్టంలా గుమ్మంలోకి వచ్చే సందులో ఉంది. ఉద్యోగం మాత్రం పైన, గోంబెల్ కొండ మీది హోటల్ లాండ్రీలో. పొద్దుటి నుంచి నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చేయడం, ఇంటికొచ్చాక అమ్మతో కలిసి ఇంట్లోని నీళ్లు తోడుకోవడం. కిందటి నెల పెద్ద పోటు వచ్చి పోయినప్పటి నుంచీ ఈ స్కూటర్‌కి పికప్ పోయింది. రోజూ ఆలస్యం. నిన్న సూపర్‌వైజర్ తేల్చి చెప్పేసింది. "పైన హాస్టల్లో మంచం ఖాళీగా ఉంది. శనివారం వచ్చి చేరిపో. లేదంటే వేరే పని చూసుకో."

హాస్టల్లో చేరితే నెలకోసారే కిందికి రావడం. అమ్మకి బెంగ, తనకీ బెంగే. కానీ అన్నిటికంటే ఎక్కువ దిగులు ఈ పాత టైరు గురించి. రోజూ సాయంత్రం కాసేపు దీని మీద కూర్చుని, పక్కన సెనో ఏదో ఒకటి విప్పుతూ ఉంటే చూడటం. వెనింగ్‌కి సెనో అంటే ఇష్టం. చాలా ఇష్టం. చెప్పడానికి తీరికే దొరకలేదు.

"ప్లగ్గు మళ్లీ నల్లగా మసిబారింది," సెనో దాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు. "పెట్రోలు సరిగ్గా కాలట్లేదు. బండికి ఊపిరాడట్లేదు."

"అయితే ఎయిర్ ఫిల్టర్ మార్చు."

"మొన్నేగా కొత్తది వేశాను! ఇదిగో చూడు, మంచులా ఉంది. బెల్టు మార్చాను, రోలర్లు మార్చాను, పెట్రోలు పారబోసి కొత్తది పోశాను. ఇంకేం మిగిలిందో నాకే అంతుపట్టట్లేదు." మెడలోని ఎర్రగళ్ల తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. గడ్డం దగ్గరికొచ్చేసరికి తువ్వాలు అయిపోయింది.

"ఆ మిగతా సగం ఎక్కడ?"

"ఎలుక కొరికింది."

"సరిగ్గా గీత గీసినట్టు కొరికిందే! చదువుకున్న ఎలుకా?"

సెనో ప్లగ్గు రుద్దడంలో పడ్డాడు. ఈ మధ్య అతను అన్నిటికీ ఇంతే. ఎప్పుడూ స్కూటర్ మీద తిరిగేవాడు, నెల నుంచి సైకిల్ తొక్కుతున్నాడు. ఎందుకని అడిగితే ఆరోగ్యం కోసం అన్నాడు. ఎండలో ఒళ్లంతా చెమటతో, పుల్లలా చిక్కి, ఆరోగ్యమట!

గురువారం పొద్దున బండి మళ్లీ కొండ మీద మొరాయించింది. వెనింగ్ వానలో దిగి నెట్టుకుంటూ పైకి తీసుకెళ్లింది. సాయంత్రం తిరిగొచ్చి షెడ్డు ముందు ఆగేసరికి వెనింగ్‌కి ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి.

"ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పు. నువ్వు కావాలనే బాగు చెయ్యట్లేదు కదా?"

సెనో చేతిలో స్పానర్ ఆగిపోయింది. "అంటే?"

"సందులో అందరి బండ్లూ బాగవుతాయి. నాదొక్కటే కాదు. రోజూ నేనొచ్చి ఇక్కడ కూర్చోవాలని ఏమైనా..."

"వెనింగ్, నేను అలాంటివాణ్నా?"

"ఏమో, నాకు ఆలోచించే ఓపిక లేదు! శనివారం హాస్టల్‌కి వెళ్లిపోతున్నా. నీ సర్వీసుకో దండం."

అన్నాక నాలుక కరుచుకుంది కానీ, అప్పటికే అతను తల దించుకుని పక్క బండి చక్రం విప్పడం మొదలెట్టాడు.

మర్నాడు సెలవు పెట్టి బట్టలు సర్దుకుంది. స్కూటర్‌ని అమ్మకి వదిలి వెళ్లాలి కాబట్టి కడుగుదామని సైడు కవరు ఊడదీసింది. ఫిల్టర్ డబ్బా వెనక, గాలి పీల్చే గొట్టంలో ఏదో ఎర్రటి దారప్పోగు కనబడింది. రోజంతా గుడ్డలతోనే బతికే మనిషి కదా, ఊరుకోలేకపోయింది. రెండు వేళ్లతో పట్టుకుని లాగింది. లాగుతుంటే వస్తూనే ఉంది. ఎర్రగళ్లు. బురద పట్టి ఎండిన సగం తువ్వాలు.

వెనింగ్‌కి ఒళ్లు మండిపోయింది. తన అనుమానమే నిజమన్నమాట!

షెడ్డులో సెనో ఒక్కడే లేడు. సందులో అందరూ 'బు', అంటే అమ్మగారు, అని పిలిచే ఎదురింటి బు యాతీ పంక్చర్ వేయించుకుంటూ, ప్లాస్టిక్ సంచిలోని ఐస్ టీ స్ట్రాతో పీలుస్తూ కూర్చుంది. ఆవిడుందని కూడా చూడకుండా వెనింగ్ ఆ గుడ్డని బల్ల మీద విసిరికొట్టింది.

"ఇదిగో నీ చదువుకున్న ఎలుక! నా బండి గొంతులో గూడు కట్టుకుంది."

సెనో దాన్ని చూశాడు. మొహం పాలిపోయింది. స్టూలు మీద కూర్చుండిపోయి రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"అయ్యో... ఇదా! ఇన్నాళ్లూ ఇదా!" ఉన్నట్టుండి నవ్వాడు, ఏడవలేక నవ్వే నవ్వు. "మర్చిపోయాను వెనింగ్. నేనే పెట్టాను, నేనే మర్చిపోయాను. తప్పు నాదే."

"ఎందుకు పెట్టావ్?"

సెనో తల దించుకుని స్పానర్ అందుకున్నాడు. బు యాతీ స్ట్రా పక్కన పెట్టింది.

"వాడు చెప్పడు, నేను చెప్తా ఉండు. పెద్ద పోటు వచ్చిన రోజు నువ్వేం చేస్తున్నావో గుర్తుందా తల్లీ?"

"డబుల్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నా. లేచేసరికి నీళ్లు పోయాయి."

"ఆ. మీ అమ్మ చేపల మార్కెట్‌కి పోయింది. నీళ్లు మీ గుమ్మం ఎక్కాయి, నీ బండి మునుగుతోంది. నేను తలుపు బాదబోతే వీడు పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. 'వద్దు బు, పొద్దున్నే ఇంటికొస్తుంటే చూశాను, నిలబడే నిద్రపోతోంది. పడుకోనివ్వండి, బండి నేను చూసుకుంటా' అన్నాడు. మెడలో తువ్వాలు చింపి, సగం సైలెన్సర్‌కి అని, సగం గాలి గొట్టానికి అని కుక్కి, నడుం లోతు నీళ్లలో నీ బండిని మసీదు మెట్ల మీదికి నెట్టుకెళ్లాడు. నీళ్లు పోయాక మళ్లీ తెచ్చి నీ గుమ్మంలో పెట్టాడు. అప్పటికి వీడి సొంత స్కూటర్ ఇక్కడ పూర్తిగా మునిగిపోయింది. ఇంజన్లో ఉప్పునీళ్లు! అందుకే ఆ సైకిలు. ఆరోగ్యం కోసం అంటే నమ్మావా నువ్వు?"

షెడ్డు రేకు మీద వాన మొదలైంది.

"సైలెన్సర్‌లోది తీశాను," సెనో నెమ్మదిగా అన్నాడు. "అదే నా మెడలో ఉన్న సగం. రెండోది తీసేలోపు మునిగిన బండ్లన్నీ వరస కట్టాయి. కంటి మీద కునుకు లేదు. అలా బుర్రలోంచి పోయింది. నీకు చెప్పి ఉంటే నువ్వైనా గుర్తుచేసేదానివి. చెప్పుకోవడం ఏంటిలే అనుకున్నా."

"నన్ను లేపాల్సింది."

"నీ మొహం చూశాక లేపబుద్ధి కాలేదు."

ఇరవై నాలుగేళ్లలో వెనింగ్‌తో ఇంత తియ్యటి మాట ఎవరూ అనలేదు. అందం గురించి అనేవాళ్లుంటారు, కళ్ల గురించి అనేవాళ్లుంటారు. నిద్ర గురించి పట్టించుకునేవాళ్లు ఎవరుంటారు? ఆమె అదే టైరు మీద కూర్చుని కళ్లు తుడుచుకుంది. దగ్గర్లో ఉన్నది ఆ బురద తువ్వాలే కావడంతో మొహమంతా మరకలయ్యాయి.

"సెనో, నాకు నువ్వంటే ఇష్టం. నిన్నటి మాటలకి క్షమించు. మళ్లీ చెప్పే ఓపిక లేదు, ఇప్పుడే విను."

సెనో చేతిలోంచి స్పానర్ జారి కింద పడింది.

"నాకూ," అన్నాడు. ఇంకేదో చెప్పాలని చాలాసేపు వెతుక్కున్నాడు. "నాకూ అంతే."

"అబ్బ, ఎంత చక్కగా చెప్పావురా!" బు యాతీ నుదురు కొట్టుకుంది. "మీ ఇద్దరి అమ్మలతో నేనే మాట్లాడతాలే. మిమ్మల్ని నమ్ముకుంటే నా పంక్చరూ అవదు, మీ పెళ్లీ అవదు."

శనివారం తెల్లారి, హాస్టల్ మంచం వద్దని చెప్పడానికి వెనింగ్ బయల్దేరింది. ఆలస్యం కాకపోతే సూపర్‌వైజర్‌కి పేచీ ఏముంది? బండి కొండ ఎక్కేదాకా తనకి నమ్మకం లేదంటూ సెనో వెనక ఎక్కాడు. ఇంజను గొంతు విప్పింది. చెయ్యి తిప్పితే చాలు, ముందుకి దూకుతోంది.

"చూశావా పికప్!" అని అరిచింది.

వెనక నుంచి ఒక హెల్మెట్ వచ్చి ఆమె భుజానికి ఆనింది. సెనో నిద్రపోతున్నాడు. నెల రోజుల నిద్ర ఒక్కసారి వచ్చి మీద పడ్డట్టుంది. వెనింగ్ ఎడమ చేత్తో అతని రెండు చేతులూ తన నడుం చుట్టూ లాగి గట్టిగా పట్టుకుంది. స్పీడు తగ్గించింది. రోడ్డు అంచున, గుంటలు తప్పించుకుంటూ, పాకించింది.

పక్కనుంచి జాగింగ్ పెద్దాయన రొప్పుతూ వచ్చి దాటేశాడు. వెనక్కి తిరిగి జాలిగా చూశాడు.

"ఇంకా బాగవలేదా అమ్మాయ్ నీ బండి?"

"ష్," అంది వెనింగ్. "బాగైంది సార్. మెల్లగా మాట్లాడండి."