కూతురున్న ఇంటికి ఆయమ్మ రాదు

"ఆయమ్మా, నువ్వు కాసేపు వెనక గదిలో కూర్చో. పిలిచేదాకా రాకు," అంది అమ్మాయి హడావిడిగా మంచం మీద దుప్పటి సరిచేస్తూ.

"నేనేం తప్పు చేశాను తల్లీ?"

"తప్పు కాదు. యూనివర్సిటీ నుంచి ఎవరో వస్తున్నారు. నాన్నని పరాయిమనిషి చూసుకుంటోందని తెలిస్తే ఏమనుకుంటారు?"

టైలరు పని చేసుకుందామని కూతుర్ని వెంటబెట్టుకుని ఈ దేశం వచ్చిన నాన్నకి పక్షవాతంతో కుడివైపు పడిపోయింది. అమ్మ లేదు. అమ్మాయి మందుల షాపులో పనిచేస్తుంది. పగలు ఆయన్ని చూసుకోవడానికి ప్రభుత్వమే ఆయమ్మను పంపుతోంది. వలస వచ్చిన కుటుంబాలకు ఇలాంటి సాయం ఎంతవరకు అవసరమో పుస్తకం రాయడానికి ఆ వచ్చే పరిశోధకుడు ఇల్లిల్లూ తిరుగుతున్నాడు.

అతను వానలో తడిసి ముద్దయి వచ్చాడు. రికార్డర్ మాత్రం ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది.

"మిషన్ మీదున్న ప్రేమ మీ మీద లేదా?" అంటూ అమ్మాయి తువ్వాలు అందించింది.

"నేను తడిసినా పనిచేస్తానండీ. అది చెయ్యదు."

నాన్న నవ్వాడు. ఎన్నాళ్లకో నవ్వాడు.

"నాన్నగారిని ఎవరు చూసుకుంటారు?"

"ఇంకెవరు? నేనే."

"మరి ఉద్యోగం?"

"అదీ నేనే. మీ ఇంట్లో పెద్దవాళ్లని పక్కింటివాళ్లు చూస్తారా ఏంటి?"

అతనిదీ వలస వచ్చిన కుటుంబమే. అమ్మానాన్నలు పోయాక అతనికి ఇల్లంటూ లేదు. ఆ మాట విని ఆమెను అలా చూస్తుండిపోయాడు. ఆ చూపుకి ఆమె చెవులు వేడెక్కాయి.

వారం తిరక్కుండా రెండోసారి ఆమె మందుల షాపు ముందు నిలబడ్డాడు.

"తలనొప్పి మాత్రలు కావాలి."

"నిన్నేగా తీసుకెళ్లారు!"

"తగ్గలేదు."

"అయితే డాక్టరు దగ్గరికి వెళ్లండి."

"అక్కడ మీరుండరుగా."

తర్వాత తర్వాత సాయంత్రాలు ఇంటికే రావడం మొదలుపెట్టాడు. నాన్న అతనికి 'ప్రశ్నలబ్బాయి' అని పేరు పెట్టాడు. అతను వచ్చే వేళకి ఆయమ్మ ఇంటికి వెళ్లిపోయి ఉండేది. చెప్పేద్దామని అమ్మాయి ఎన్నిసార్లనుకుందో! అంత గొప్పగా చూసే కళ్ల ముందు చిన్నబోవడం ఇష్టంలేక, రేపు చెప్దాంలే అని ఊరుకునేది.

పుస్తకం అచ్చయింది. వలస కుటుంబాలు తమ పెద్దల్ని తామే కళ్లలో పెట్టుకుని చూసుకుంటాయని, ఎవరి మీదా భారం కావని ప్రేమగా రాశాడు. పేపర్లు మెచ్చుకున్నాయి. ప్రభుత్వమూ మెచ్చుకుంది. ఆ పుస్తకాన్నే సాక్ష్యంగా చూపించి కొత్త రూలు తెచ్చింది: ఎదిగిన కొడుకో కూతురో ఉన్న ఇంటికి ఇక ఆయమ్మ రాదు.

అమ్మాయి సరాసరి యూనివర్సిటీలో అతని గదికి వెళ్లింది.

"ఎంత బాగా రాశారండీ! ఆయమ్మ మానేసింది. నాన్న స్నానాలగదిలో జారిపడి, నేను డ్యూటీ దిగి వచ్చేదాకా తడి నేల మీదే ఉన్నాడు."

"ఏ ఆయమ్మ?"

"మీరు మొదటిసారి వచ్చినప్పుడు... వెనక గదిలో ఉంది."

అతను బల్ల మీదున్న తన పుస్తకాన్ని పక్కకి నెట్టాడు.

"నా ఒక్కదాని మాట పట్టుకుని రాశారా?"

"కాదు. ఏ ఇంటికి వెళ్లినా అదే మాట చెప్పారు."

"ఎన్ని ఇళ్లలో వెనక గది తలుపు వేసుందో మరి!"

అతను పేపర్లకు రాశాడు. ఆఫీసుల చుట్టూ తిరిగాడు. పొగిడినప్పుడు విన్నవాళ్లెవరూ, పొరపాటైందంటే వినలేదు.

చివరికి ఓ సాయంత్రం నాన్న మంచం పక్కనే ఆమెతో అన్నాడు. "పెళ్లి చేసుకుందాం. నేనూ ఇక్కడే ఉంటాను. ఇద్దరం చూసుకుందాం."

ఆమె మొహం విప్పారింది. ఇంకేదో అనబోయేలోగా నాన్న అందుకున్నాడు.

"ఇద్దరూ ఉద్యోగాలకి పోతే పగలు నా గతేంటి? మానేస్తే ఇల్లు గడవదు. మనిషిని పెట్టుకునే స్తోమతా లేదు. ఒక్కటి చెప్పు బాబూ. కూతురు ఇంట్లో లేకపోతే ఆయమ్మ వస్తుందా?"

ప్రశ్నలబ్బాయి తల దించుకున్నాడు. "వస్తుంది."

"అయితే నా పిల్లని తీసుకుపో."

"నాన్నా! నేనెక్కడికీ పోను."

"పోక? నేను మళ్లీ జారిపడితే నువ్వు షాపులో కూర్చుని చూస్తావా? ఇటు రండి ఇద్దరూ."

ఎడమచెయ్యి ఆమె తల మీద పెట్టాడు. తర్వాత అతని తల మీద పెట్టాడు. ఆమె ఎంత ఏడ్చినా మాట మార్చలేదు.

పెళ్లయింది. ఆయమ్మ మళ్లీ రావడం మొదలుపెట్టింది. రూలు ప్రకారం కూతురు రాత్రులు ఉండకూడదు, బట్టలు అక్కడ పెట్టకూడదు.

ఓ ఆదివారం ఆమె ఒక్కతే వచ్చింది. నాన్న పక్కన కూర్చుని గోళ్లు తీస్తుంటే తనిఖీ అధికారి తలుపు తట్టి లోపలికొచ్చాడు.

"ఈవిడెవరు? ఇక్కడే ఉంటోందా?"

"అబ్బే, లేదండీ. మా అమ్మాయే. చుట్టపుచూపుగా వచ్చారు." నాన్న ఆమె చేతిలోంచి తన చెయ్యి లాక్కున్నాడు. "మీరెందుకమ్మా శ్రమపడతారు? అలా కుర్చీలో కూర్చోండి. టీ తాగుతారా?"

బుద్ధెరిగాక నాన్న తనని 'మీరు' అనడం ఆమె వినడం అదే మొదలు. లేచి వెళ్లి కుర్చీ అంచున కూర్చుంది.

"వద్దండీ," అంది.

అధికారి గదులన్నీ చూసి వెళ్లిపోయాడు. ఆమె పరుగున వచ్చి మిగిలిన గోళ్లు తీయడానికి నాన్న చెయ్యి పట్టుకుంది. ఆయన దుప్పట్లోకి లాగేసుకున్నాడు.

"మీరు బయల్దేరండి," అన్నాడు తలుపు వైపే చూస్తూ, గొంతు బాగా తగ్గించి. "ఆయన ఇంకా మెట్ల మీదే ఉండుంటాడు."