వచ్చే బాణం

మా ఆవిడ మాట తప్పింది. నాలుగింటికి వస్తానని చెప్పి రాలేదు.

పోయినవాళ్ళను తప్పు పట్టకూడదంటుంది మా చెల్లెలు. ఎందుకు పట్టకూడదో చెప్పదు. బతికుండగా మాట తప్పితే తప్పు, పోయి తప్పితే ఒప్పా? ఈ విషయంలో నేను ఎవరి వాదనా వినను.

చెల్లెలి కూతురు మాత్రం ఇంకోటి అడిగింది. "మావయ్యా, నువ్వూ అత్తా అడవిలో కలిశారట కదా. లవ్ స్టోరీ అట కదా. చెప్పవా?" చెప్పనన్నాను. "అయితే రాసివ్వు. ఒక్కసారి రాసిస్తే మళ్ళీ జన్మలో అడగను" అంది. ఆ పిల్ల మాట మీద నిలబడుతుంది. అందుకని రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. కొండదారుల్లో గుర్తులు వేసే పని. వీపున సంచీ తగిలించుకుని కొండలెక్కే వాళ్ళు దారి తప్పకుండా, రెండు వందల అడుగులకో రాయి చూసి తెల్ల పెయింటుతో బాణం వేయాలి. దారి లేని చోట ఇంటూ గుర్తు. నా చదువు ఊరి బడిలోనే ఆగిపోయింది. బాణం వేయడానికి అంతకంటే అక్కర్లేదు. నియమం ఒక్కటే. ప్రతి రాయికీ రెండు వైపులా వేయాలి. ఒక వైపు వెళ్ళే బాణం, రెండో వైపు వచ్చే బాణం. వచ్చే బాణం వేయనివాడు పనివాడు కాదు.

ఒక ఉదయం ఒక బండకు బాణం వేసి, నాలుగడుగులు కిందికి దిగి బ్రష్షు కిరోసిన్‌లో కడుక్కుంటున్నాను. తిరిగి చూస్తే ఆ బండకు ఆనుకుని ఒకమ్మాయి కూర్చుని ఉంది. వీపున సంచీ అలాగే ఉంది.

"లేవండి!" అని అరిచాను.

"ఏం? ఈ బండ మీదా?"

"బండ నాది కాదు. దాని మీది పెయింటు నాది."

గబుక్కున లేచింది. సంచీ దించి చూసుకుంది. కొత్త ఆకుపచ్చ సంచీ మీద తెల్లటి బాణం, అచ్చు గుద్దినట్టు.

"నిన్ననే కొన్నానండీ ఈ బ్యాగు! పెయింటు తడిగా ఉందని ఒక బోర్డు పెట్టొచ్చుగా?"

"అడవిలో బోర్డులు ఎవరు చదువుతారు? ఎలుగుబంట్లా?"

"చదివినా చదవకపోయినా ఎలుగుబంటి ఇలా మీద పడి అరవదు."

కింద నుంచి ఒక పెద్దాయన రొప్పుతూ వచ్చాడు. "ఏమ్మా, అప్పుడే గొడవా? ఇంకా మొదటి కొండే కదా."

ఆయన ఆమె బాబాయి. కింద పట్నంలో కళ్ళజోళ్ళ షాపు ఆయనది. ఆయన అద్దాలు అరగదీస్తాడు, ఆమె కళ్ళు పరీక్ష చేస్తుంది. ఏడాదికోసారి షాపు మూసి పది రోజులు కొండలు తిరుగుతారట. కనుమ దాటి అవతలి వైపు దిగి, అక్కడి నుంచి బస్సులో ఇంటికి. తిరిగి ఈ దారిన వచ్చే పని లేదు. ఇది గుర్తుపెట్టుకోవాలి.

నా పని కూడా కనుమ దాకానే. ముగ్గురం కలిసి నడిచాం. నేను ఆగి బాణం వేస్తే వాళ్ళు ముందుకు పోయేవాళ్ళు. మళ్ళీ పట్టుకునేవాణ్ణి. ముందున్న సంచీ మీది బాణం మాత్రం అచ్చు తిరగబడడం వల్ల ఎడమకు చూపిస్తూ ఉండేది.

మా వెనకాల కొత్త దంపతులు వస్తున్నారు. కాసేపటికి ఎడమ వైపు పొదల్లో నుంచి ఆడగొంతు వినపడింది.

"ఏవండీ, ఇటు ముళ్ళు తప్ప దారి లేదు!"

"అటు ఎవరు వెళ్ళమన్నారు?" అన్నాను.

"ఆవిడ బ్యాగు!" అన్నాడు మొగుడు, చొక్కాలోంచి ముల్లు పీక్కుంటూ.

ఆమె నడుం పట్టుకుని నవ్వింది. "నన్ననకండి. బాణం పెయింటరు గారిది."

"వేసింది నేను. తిప్పింది మీరు."

"ఎటు తిప్పానో అటే వస్తున్నారుగా మీరూ!"

దానికి జవాబు సాయంత్రం దాకా వెతికాను.

మధ్యాహ్నం వాన పట్టుకుంది. పక్కకు పొడుచుకొచ్చిన ఒక రాతి కింద దూరాం. బాబాయి గారు కాళ్ళకు పట్టిన జలగల్ని ఉప్పుతో రాలుస్తూ ఒక్కోదాన్నీ లెక్కపెడుతున్నాడు. ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుస్తూ నా వైపే చూస్తోంది. చాలాసేపు చూసింది.

"ఏం చూస్తున్నారు?"

"ఏమీ కనపడట్లేదండీ. జోడు లేకపోతే మూడడుగుల అవతల అంతా పొగే. కనపడనప్పుడు ఎంతసేపు చూసినా తప్పులేదు."

"నేను మూడడుగుల లోపలే ఉన్నాను."

ఆమె జోడు పెట్టుకుని వాన వైపు తిరిగింది. చెవులు ఎర్రబడ్డాయి. "పద్నాలుగు" అన్నాడు బాబాయి గారు, జలగల్ని.

మర్నాడు పొద్దున్నే మంచులో వాగు దాటుతుంటే ఎలుగుబంటి ఎదురైంది. ఇరవై అడుగుల్లో. చెదల పుట్ట తవ్వుతున్నది కాస్తా తలెత్తి చూసింది. పరిగెత్తొద్దు, మెల్లగా మాట్లాడుతూ వెనక్కి నడవండి అన్నాను. ఆమె రెండు చేతులూ జోడించి, షాపుకొచ్చిన పెద్దమనిషితో అన్నట్టు అంది.

"మీ పని మీరు చూసుకోండి. మేం వెళ్ళొస్తామండీ."

అడుగు వెనక అడుగు వేసి మలుపు తిరిగాం. ఎలుగుబంటి మళ్ళీ పుట్టలో మూతి పెట్టింది.

"దానికి వెళ్ళొస్తామని చెప్తారా ఎవరైనా? నిజంగానే వస్తారని కూర్చుంటే?" అన్నాను.

"అలవాటండీ. వెళ్తానంటే మా బాబాయి ఊరుకోడు. ఎవరి దగ్గర సెలవు తీసుకున్నా వెళ్ళొస్తాననే అనాలి."

ఆ ఒక్క మాటే నన్ను ముంచింది.

కనుమ దగ్గర నా ఆఖరి రాయి. అక్కడే ప్రయాణికులు బస చేసే గది. దాన్ని చూసుకోవడం కూడా నా పనే. వాళ్ళు రిజిస్టరులో పేర్లూ అడ్రసూ రాసి, టీ తాగి, సంచులు ఎత్తుకున్నారు. బాబాయి గారు ముందు నడిచాడు. ఆమె పది అడుగులు పోయి వెనక్కి తిరిగింది.

"పెయింటరు గారూ, వెళ్ళొస్తాను."

నేను "సరే" అన్నాను.

ఇంకేమైనా అంటానేమోనని ఆమె కాసేపు నిలబడింది. నేను బ్రష్షు చూసుకుంటున్నాను. ఎలుగుబంటికీ ఇదే చెప్పింది కదా అనుకున్నాను.

దిగుతుంటే ఆకుపచ్చ సంచీ చాలా దూరం కనపడింది. ఎడమకు చూపించే బాణం ముందు చిన్నదై, తరవాత చుక్కై, తరవాత మంచైంది.

ఆ తరవాత నాలుగు రోజులు అక్కడ నాకు పెయింటు పని లేదు. అయినా ఉన్నాను. అవతలి వైపు దిగే దారిలో మొదటి రాయికి బాణం మీద బాణం మూడు పూతలు వేశాను. వచ్చే బాణం ఇంకా మందంగా వేశాను. జింకల మంద ఒకటి రోజూ వచ్చి నన్ను చూసి పోయేది. అడుగుల చప్పుడైతే చాలు తల తిరిగేది. ఎవరో ఒకరు వచ్చేవారు, ఆమె తప్ప. ఐదో రోజున ఇంక ఆ గది గుమ్మం చూడలేక, మేస్త్రీతో చెప్పి ఉత్తరం వైపు దారికి పని మార్పించుకున్నాను. ఎవరూ పంపలేదు. నేనే అడిగి పోయాను.

పన్నెండు రోజుల తరవాత, పెయింటు అయిపోతే గదిలో ఉన్న డబ్బా కోసం వచ్చాను. రిజిస్టరు తెరిచి ఉంది. కిందటి పేజీలో ఒక వరసలో పేరూ, కళ్ళజోళ్ళ షాపు అడ్రసూ, పన్నెండో తేదీ. ఆ పక్కన 'అభిప్రాయం' అన్న గడిలో పట్టక కిందికి దిగిన అక్షరాలు:

'వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళాను. వచ్చాను. మీరు లేరు. మీకంటే ఎలుగుబంటి నయం. అదైతే ఉండేది.'

తరవాత తెలిసింది, బాబాయిని బస్సెక్కించి, వేరే వాళ్ళతో కలిసి రెండు రోజులు కొండెక్కి వచ్చింది. ఒక పూట గుమ్మంలో కూర్చుని పోయింది.

పెయింటు డబ్బా అక్కడే వదిలేశాను. కొండ దిగి, బస్సెక్కి, మర్నాడు షాపు తెరిచే వేళకు అక్కడున్నాను. గుమ్మం ఎదురుగా మేకుకు ఆకుపచ్చ సంచీ వేలాడుతోంది.

ఆమె తలెత్తి చూసింది. ముఖంలో ఏమీ లేదు. "ఏం కావాలండీ?"

"కళ్ళు చూపించుకుందామని."

"కూర్చోండి."

ఖాళీ జోడు ఒకటి నా ముక్కు మీద పెట్టింది. అద్దాలు మార్చి మార్చి వేసింది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?"

"ఇందాకటిది."

"ఇప్పుడు?"

"అన్నిటికంటే కనుమ దగ్గరిది బాగుంది."

"చార్టు చదవమన్నాను."

అడుగు వరస దాకా చదివాను. అచ్చు వేసిన ప్రెస్సు పేరు కూడా చదివాను. ఆమె జోడు లాగేసింది.

"మీ కళ్ళకేం రోగం లేదు. మరెందుకొచ్చారు?"

"పన్నెండో తేదీన మీకు కనపడలేదట కదా. కనపడిపోదామని."

"కనపడ్డారు. ఇంక వెళ్ళండి."

"వెళ్ళొస్తానని ఎలుగుబంటికి కూడా చెప్పారు మీరు! నాకెలా తెలుస్తుంది?"

"దానికి చెప్పింది మర్యాద. మీకు చెప్పింది మాట." లాగేసిన జోడు బల్ల మీద పడేసింది. "ఆ మాత్రం తేడా తెలియదూ? ఎప్పటికి అని ఒక్క ముక్క అడిగితే ఏం పోయేది? చెప్పేదాన్నిగా!"

"తెలియలేదు. ఇకనుంచి అడుగుతాను."

"ఇకనుంచి ఏమిటి? ఎన్నిసార్లు అడుగుతారేం?"

"బయటికి వెళ్ళినప్పుడల్లా. మా ఇంట్లోంచి."

అద్దం అరగదీసే చప్పుడు లోపల ఆగిపోయింది. బాబాయి గారు తలుపు సందులోంచి తల పెట్టాడు.

"ఏమయ్యా, ఆ కళ్ళు నేను వానలోనే చూశాను. అప్పుడే వాటికి నంబరు వేసేశాను. అమ్మాయీ, మీ నాన్నకు ఉత్తరం రాయమంటావా, ఇంకా పరీక్ష ఉందా?"

"నీ జలగలు నువ్వు లెక్కపెట్టుకో బాబాయ్!" అంది. కానీ నవ్వింది. ఏడ్చింది కూడా. రెండూ ఒకేసారి చేయగలదు.

ఇరవై ఆరేళ్ళు కాపురం చేశాం. బయటికి వెళ్ళినప్పుడల్లా ఆమె "వెళ్ళొస్తానండీ" అనేది. నేను "ఎప్పటికి?" అనేవాణ్ణి. టైము చెప్పేది. ఆ టైముకు గుమ్మంలో ఉండేది. ఒకసారి దారిలో బస్సు చెడిపోతే మూడు మైళ్ళు వానలో నడిచి, ఆరింటికి అన్నది ఆరుకు పది నిమిషాల ముందే వచ్చింది. "మాట మాటే" అంది తల తుడుచుకుంటూ. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి తప్పలేదు. అందుకే నమ్మాను.

గుండెకు ఆపరేషన్ అన్నారు. ఉదయం తొమ్మిదింటికి బండి మీద పడుకోబెట్టి తీసుకెళ్తున్నారు. కళ్ళజోడు తీసి నా చేతిలో పెట్టింది. నేను మూడడుగుల లోపలే నిలబడ్డాను.

"వెళ్ళొస్తానండీ."

"ఎప్పటికి?"

నర్సు నవ్వింది. మా ఆవిడ ఆలోచించి మరీ చెప్పింది. "నాలుగింటికి."

ఆపరేషన్ గది వైపు నేల మీద తెల్ల బాణాలు వేసి ఉన్నాయి. పని శుభ్రంగా ఉంది, అంచులు చెదరలేదు. నేను ఆ వరండా చివరి దాకా నడిచి, వెనక్కి తిరిగి చూశాను. అన్నీ వెళ్ళే బాణాలే. వచ్చే బాణం ఒక్కటి కూడా లేదు. ఎవడు వేశాడో కానీ వాడు పనివాడు కాదు.

నాలుగు దాటాక పది నిమిషాలకు తలుపు తీశారు. వచ్చింది డాక్టరు.

అదీ జరిగింది. చెప్పిన మాట తప్పింది. నేను క్షమించలేదు, క్షమించను.

ఆకుపచ్చ సంచీ మా గుమ్మం పక్క మేకుకు ఉంది. దాని మీది బాణం లోపలికి చూపిస్తోంది. చెల్లెలు తన దగ్గరికి వచ్చి ఉండమంటుంది. పెళ్ళిళ్ళకు పిలుస్తారు, ఊళ్ళకు పిలుస్తారు. పొద్దున వెళ్తాను, పని చూసుకుంటాను. నాలుగింటికి మాత్రం ఇంట్లో ఉంటాను. ఒకసారి ఆమె వచ్చినప్పుడు నేను లేను. ఆ మాట ఇంకోసారి పడను.

అడిగావు, రాశాను. ఇకమీదట ఈ సంగతి నా దగ్గర ఎవరూ ఎత్తొద్దు. నేనూ ఎత్తను.