రాకుమారుడి రెండో తలుపు

మణిశృంగ రాజ్యంలో రాకుమారుడు ఇంట్లోనే ఉన్నాడు, కాని ఇంట్లో లేడు. ఇదేం మాటని నవ్వకండి, ఆ రాజ్యానికి వచ్చిన కష్టమే అది. వక్రదంతుడనే రాక్షసుడు రాకుమారుడు రత్నాంగదుణ్ణి ఎత్తుకుపోయి, తన గుహలో ఒక తలుపు వెనక బంధించాడు. సేనాపతి వెళ్లి, రాక్షసుడు పెట్టిన లెక్క విప్పి, ఏడో తలుపు తెరిచి అతణ్ణి తీసుకొచ్చాడు. ఊరంతా సంబరపడింది. తీరా చూస్తే రాకుమారుడికి కన్నతల్లి కూడా గుర్తులేదు.

అన్న కళ్లెదుటే ఉన్నా అన్న కోసం బెంగపెట్టుకుంది చెల్లెలు మధూలిక. చివరికి, సేనాపతికి లెక్క నేర్పిన మౌంజి మహర్షిని వెతుక్కుంటూ అడవికి వెళ్లింది.

"రాక్షసుడి లెక్క ఏమిటో చెప్పు తల్లీ," అన్నాడు మహర్షి.

"ఒక సంఖ్యను దానితోనే హెచ్చవేసి ఇరవై ఒకటి కలిపితే, ఆ సంఖ్యకు పది రెట్లు కావాలి స్వామీ. ఆ సంఖ్య ఉన్న తలుపే తెరవాలి. వేరేది ముట్టుకుంటే రాయైపోతారు."

"అన్నీ ఒక పక్కకు తెచ్చి సున్నకు సమానం చెయ్యి. వర్గానికి ముందు ఒకటి, సంఖ్యకు ముందు రుణ పది, చివర ఇరవై ఒకటి. అదే వర్గ సమీకరణం. మధ్యదాని గుర్తు మారిస్తే పది. దాని వర్గం వంద. మొదటిదాన్నీ చివరిదాన్నీ హెచ్చవేసి, దానికి నాలుగు రెట్లు, అంటే ఎనభై నాలుగు, అందులోంచి తీసెయ్యి. మిగిలిన పదహారుకు వర్గమూలం నాలుగు. పదికి నాలుగు కలిపి, మొదటిదాని రెట్టింపుతో, అంటే రెండుతో భాగిస్తే ఏడు."

"ఆ ఏడో తలుపే తీశారు కదా స్వామీ," అంది మధూలిక.

"మీ సేనాపతికి మహా తొందరమ్మా. ఏడు అనగానే గుర్రమెక్కేశాడు, నేను పిలుస్తున్నా వినలేదు. కలిపి చూశావుగా, ఇప్పుడు తీసివేసి చూడు."

పదిలోంచి నాలుగు పోతే ఆరు. రెండుతో భాగిస్తే మూడు. మధూలిక సరిచూసుకుంది. మూడు మూళ్లు తొమ్మిది, ఇరవై ఒకటి కలిపితే ముప్పై. మూడుకు పది రెట్లూ ముప్పయ్యే. ఆమె మహర్షి కాళ్లకు దండం పెట్టి పరుగెత్తింది.

దారిలో మొసళ్ల వాగు దాటింది, నిప్పులు కక్కే గుట్ట ఎక్కింది. అవన్నీ చెబుతూ కూర్చుంటే మీ అన్నం చల్లారిపోతుంది.

గుహ వాకిట్లో వక్రదంతుడు ఆవులించాడు. "ఆ లెక్క ఎప్పుడో తేలిపోయింది పిల్లా. ఇంటికి పో."

"సగమే తేలింది. జవాబులు రెండు."

రాక్షసుడు లేచి నిలబడ్డాడు. "తప్పితే రాయివైపోతావు. భయం లేదా?"

"ఉంది," అంది మధూలిక. అయినా మూడో తలుపు నెట్టింది.

ఆమె రాయి కాలేదు. లోపల ఒక భరిణె, అందులో సన్నని వెలుగు ఉన్నాయి. అది రత్నాంగదుడి జ్ఞాపకమే.

"మనిషి దొరికాక మళ్లీ వచ్చినవాళ్లను నేను చూడలేదు. తీసుకెళ్లమ్మా," అన్నాడు రాక్షసుడు. అతడి గొంతులో పొగరు తగ్గింది.

కోటకు రాగానే మధూలిక అన్న ముందు కూర్చుని భరిణె తెరిచింది. వెలుగు అతడి గుండెల్లోకి ఇంకిపోయింది. రత్నాంగదుడు చెల్లెలి ముఖం తేరిపార చూశాడు.

"ఒక చెవి కమ్మ ఎక్కడ పారేసుకొచ్చావే? అమ్మ చూస్తే ఊరుకుంటుందా?" అన్నాడతడు.

అమ్మ అక్కడే ఉంది. ఊరుకోలేదు. ఇద్దర్నీ దగ్గరకు లాక్కుని ఏడ్చేసింది.