కాలికి కారు చెల్లు

జాలారిపేటలో ఆడవాళ్ళంతా తట్టలు నెత్తిన పెట్టుకుని హార్బరుకు బయలుదేరుతున్న వేళ, మహేశ్వరి మాత్రం తల దువ్వుకుని ఉతికిన చీర కట్టుకుంది. పొయ్యి దగ్గర గంజి కాస్తున్న అత్త సూర్యకాంతమ్మ ఆ చీర చూసింది. గుమ్మంలో వల బాగుచేసుకుంటున్న మరిది ఎల్లాజీ కూడా చూశాడు.

"ఆసుపత్రికేనేటే?" అంది అత్త.

"కాదత్తా. పోలీస్ టేసనుకి."

సూర్యకాంతమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

పోయిన నెల బీచ్ రోడ్డు దాటుతున్న అప్పలరాజును ఓ అంబాసిడర్ కారు గుద్దేసింది; కాలు విరిగింది. అప్పలరాజు మహేశ్వరి మొగుడు, ఎల్లాజీకి అన్న. కారు నడుపుతున్న పాతపట్నం కుర్రాడు జాకీర్ పారిపోకుండా దిగి, పడినవాణ్ణి ఎత్తబోయాడు. అంతలో పేటంతా మీద పడింది. ఎల్లాజీకి కోపం వస్తే చేయి ముందు లేస్తుంది, బుద్ధి వెనకాల తీరిగ్గా వస్తుంది. పడవ తెడ్డు తీసుకుని ఆ కుర్రాడి రెండు చేతులూ విరిగేదాకా బాదాడు. కారును తిరగేసి తగలబెట్టారు. మంట చుట్టూ ఈలలు కూడా వేశారు, దాచడమెందుకు.

తగువు పోలీసుల దాకా పోతే పేటకు పరువు తక్కువ. పెద్దలు ఇసుకలో కూర్చుని "కాలికి కారు చెల్లు" అని తీర్పు చెప్పేశారు. భయంతో బిగుసుకుపోయిన కారు యజమాని తలూపాడు. ఎవరూ ఎవరి మీదా కేసు పెట్టకూడదని గంగమ్మ ముందు పసుపు ముట్టి ప్రమాణం చేశారు. అందరికంటే ముందు ముట్టింది సూర్యకాంతమ్మే.

తగువైతే తెగింది గాని కాలు అతకలేదు. ఆసుపత్రి మంచం మీదే చీము పట్టింది. సీతమ్మధారలో ప్రైవేటు డాక్టరు చూసి, ఆపరేషన్ చేసి రాడ్డు వేస్తే నిలుస్తుందని, ఆలస్యమైతే మోకాలి కింద తీసేయక తప్పదని చెప్పాడు. అంత ఖర్చు ఆ ఇంట్లో ఎవరూ కలలో కూడా ఎరగరు.

"లాయరు శ్రీరామ్మూర్తిగారిని అడిగానత్తా," అంది మహేశ్వరి. "ఆ కారుకి ఇన్సూరెన్స్ ఉందట. కర్చంతా ఆ కంపెనీయే ఇచ్చుకోవాలట. కేసు కడితే సాలు, ఆయన పూచీ మీద ఆసుపత్రోల్లు ముందు ఆపరేసన్ సేసేత్తారట. కేసు లేకపోతే కారు గుద్దనట్టే లెక్కట."

ఎల్లాజీ వల పక్కకు తోసి లేచాడు. "కేసు కడితే నన్నేటి సేత్తారో సెప్పాడేటి ఆ లాయరు?"

"సెప్పారు. ఆ కుర్రోణ్ణి కొట్టినందుకు నీ మీదా కడతారు."

ఎల్లాజీ గంజికుండను ఒక్క తన్ను తన్నాడు. కుండ గోడకు కొట్టుకుని పగిలింది. వేడి గంజి మహేశ్వరి పాదాల మీద చిందింది.

"నాను కొట్టింది ఎవుడికోసం? నా అన్న కోసం కాదా?"

"నువ్వు కొట్టకుండా ఉంటే మీ అన్నకి ఈపాటికి ఆపరేసన్ అయిపోను."

చెంప మీద పడ్డ దెబ్బకు ఆమె గోడకు కొట్టుకుంది. పెదవి చిట్లింది. నెత్తురు ఉమ్మేసి మళ్ళీ అక్కడికే వచ్చి నిలబడింది.

"అయినా సేతులిరగ్గొట్టించుకున్నోడు మనకోసం సాచ్చికం సెప్తాడేటి?" అని అరిచాడు ఎల్లాజీ.

"నిన్న ఆల్లింటికెల్లాను."

నిజంగానే వెళ్ళింది. చెప్పు తీసుకుని కొడతారనుకునే వెళ్ళింది. జాకీర్ తల్లి జైతూన్ బీ ఆమెకు మంచినీళ్ళిచ్చింది గాని కూర్చోమనలేదు. "మావాడు గుద్దినాడు. గుద్దినానని చెప్తాడు. చేతులు ఎవరు విరగ్గొట్టినారని అడిగితే అదీ చెప్తాడు. ఒకటి చెప్పి ఒకటి దాచేది మాకు తెలీదమ్మా" అంది.

మహేశ్వరి ఆ మాట చెప్పగానే సూర్యకాంతమ్మ వచ్చి కోడలి కాళ్ళు పట్టుకుంది. "ఒద్దే మహేసూ. ఒకడు మంచం మీదున్నాడు. రెండోవోణ్ణి జైల్లో ఎట్టించకే."

"ఆయన కాలు తీసెయ్యమను అత్తా. నీ నోటితో ఒక్కసారి అను, నాను ఎక్కడికీ ఎల్లను."

సూర్యకాంతమ్మ చేతులు కోడలి కాళ్ళ మీంచి జారాయి.

ఎల్లాజీ మూలనున్న తెడ్డు అందుకున్నాడు. "గుమ్మం దాటితే సంపేత్తాను" అంటూ ఎత్తాడు. మహేశ్వరి గుమ్మం దాటింది. తెడ్డు విసురుగా దిగింది. ఎప్పుడు లేచిందో, ముసలమ్మ మధ్యలోకి వచ్చి చేయి అడ్డం పెట్టింది. మణికట్టు విరిగిన చప్పుడు ముగ్గురికీ వినిపించింది.

సూర్యకాంతమ్మ ఏడవలేదు. వేలాడుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని, దాని వంక చాలాసేపు చూసింది.

"ఆ గుంటడికి రెండు సేతులూ ఇలాగే ఇరిగాయేట్రా?" అని అడిగింది.

ఎల్లాజీ తెడ్డు వదిలేసి నేల మీద కూలబడ్డాడు.

"జైలుకెల్లినోడు ఎప్పుటికైనా తిరిగొత్తాడు. తీసేసిన కాలు రాదు. పదవే, నానూ వత్తాను," అంది కోడలితో.

"మరి పసుపు ముట్టావు కదత్తా."

"గంగమ్మతో నాను సెప్పుకుంతాను."

మహేశ్వరి పాత చీర చింపి అత్త చేతికి కట్టు కట్టింది. ఇద్దరూ సందు చివరికి వెళ్ళేసరికి ఎల్లాజీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెనకాలే వచ్చాడు.

కబురు పెడితే జాకీర్ తల్లితో పాటు ఆటోలో స్టేషనుకు వచ్చాడు. రెండు చేతులకూ మోచేతుల పైదాకా పిండికట్లు. కారు గుద్దింది తనేనని, తప్పు తనదేనని తడబడకుండా చెప్పాడు. ఎస్సై రాసుకుని, "నిన్ను కొట్టిందెవరు?" అని అడిగాడు.

జాకీర్ తలెత్తేలోపే ఎల్లాజీ ముందుకు వచ్చాడు. "నానే బాబూ. తెడ్డుతో కొట్టాను."

జైతూన్ బీ మొహం తిప్పుకుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కానిస్టేబుల్ ఎల్లాజీ భుజం మీద చేయి వేశాడు. లోపలికి నడుస్తూ అతను వదిన దగ్గర ఆగాడు. ఆమె చెంప మీద తన వేళ్ళు ఇంకా ఎర్రగా కనిపిస్తున్నాయి. కళ్ళు దించుకున్నాడు.

"వదినా, అన్నకి ఈ సంగతి సెప్పకు. తెలిస్తే ఆపరేసన్ ఒద్దంతాడు. బోటు మీద ఏటకెల్లానని సెప్పు."

పొద్దుట్నుంచీ బిగబట్టుకున్న మహేశ్వరికి అప్పుడు ఏడుపు తన్నుకొచ్చింది. "ఎప్పుడొత్తావని అడిగితే ఏటి సెప్పను, మరిదీ?"

"అన్న తన కాల్లమీద నడిసి ఒడ్డుకొచ్చీపాటికి వత్తానని సెప్పు."