మొదటి గుటక

మొంబాసాలో, పోలీసు కాపలా ఉన్న ఇంట్లో, మొదటి సాక్షి చల్లటి సోడా తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడు.

"విషం," అన్నాడు చెరుయోట్, నైరోబీ ఆఫీసులో కిటికీ తెర లాగుతూ. గూఢచారి విభాగంలో అతని మాటకు తిరుగులేదు. "ఇక మిగిలింది ఒక్కతే. నసిమియు. ఓడరేవులో తూకం గుమాస్తా. టీ పెట్టెల పేరుతో ఏనుగు దంతాలు తరలించే విదేశీ ముఠా ఉందిగా? దాని నాయకుడి మొహం చూసినవాళ్ళలో బతికున్నది ఆవిడ మాత్రమే. రేపు కోర్టులో వాడిని వేలెత్తి చూపించాలి."

"ఎక్కడ దాచారు సర్?" అడిగింది ఏజెంట్ మ్వికాలి.

"సావో వన్యమృగాల పార్కులో, ఎంబుయు క్యాంపు. గుడారాల్లో బస. మరీ ఖరీదైనదీ కాదు, మరీ చౌకదీ కాదు. ముఠావాళ్ళు పెద్ద లాడ్జీలు గాలిస్తారు. రిటైరైన టీచర్లు, చర్చి బృందాలు దిగే చోటికి ఎవడొస్తాడు? నువ్వక్కడ గుడారాలు సర్దే పనిమనిషివి. సాయంత్రం నలియాకా కలుస్తుంది. ముఠాలోకి మనం పంపిన ఏజెంట్. కోడ్ చెబుతుంది."

బల్ల మీద ఒక పెన్ను పెట్టాడు. పానీయంలో విషం ఉంటే దాని మొన నీలంగా మారుతుంది.

మధ్యాహ్నానికల్లా మ్వికాలి ఆకుపచ్చ యూనిఫాంలో, చేతిలో చీపురుతో ఎంబుయు క్యాంపులో ఉంది. చీపురు కర్రలో వైర్‌లెస్ ఉంది. దాన్ని వాడటం కష్టం కాదు. నసిమియును ఒకచోట కూర్చోబెట్టడమే కష్టం.

"గుడారం జిప్పు మూసుకుని లోపలుండండమ్మా."

"ఎందుకు? కోతులొస్తాయనా?"

"కోతుల్ని మించినవాళ్ళు వస్తారు."

"రానీ. ఓడరేవులో లారీవాళ్ళ బూతులకే జడవలేదు నేను. నా దేశంలో నేను గోనెసంచిలో ఉల్లిపాయలా మగ్గాలా?"

అంటూనే ఉతికిన లోపలి లంగా తెచ్చి, దారినపోయే ప్రతివాడికీ కనబడేలా గుడారం తాడు మీద ఆరేసింది. మ్వికాలి తీసి లోపల పెట్టింది. వెనక్కి తిరిగేసరికి అది మళ్ళీ తాడు మీదుంది.

"దాక్కోవాల్సింది దొంగలు," అంది నసిమియు, గుడ్డకు క్లిప్పు పెడుతూ.

ఎండ వాలుతుండగా జీపు ఆగింది. నల్లకళ్ళద్దాలు, పట్టు స్కార్ఫు, వేలికి పెద్ద ఉంగరం. దిగిన మనిషిని చూసి చర్చి బృందంలోని మగవాళ్ళు పాట మరిచిపోయారు.

"తీవా నదిలో నీళ్ళున్నాయా?" అడిగిందామె, మ్వికాలి చేతికి పెట్టె అందిస్తూ.

"ఏనుగులు తాగి, బురద మనకు వదిలాయి."

"బురదైనా మనదే."

కోడ్ సరిపోయింది. మ్వికాలి ఊపిరి పీల్చుకుంది.

నలియాకా నేరుగా వెళ్ళి నసిమియు చేతులు పట్టుకుంది. "అత్తా! నేనూ మీ బుంగోమా జిల్లా పిల్లనే. మా నాన్నది మీ వంశమే."

"అలాగా! నా తల్లే! ఇంత బక్కచిక్కావేమే, నైరోబీలో అన్నం పెట్టరా?" నసిమియు మొహం చాటంత అయింది.

తను చెబితే చెవిన పెట్టని మనిషి, నలియాకా చెప్పగానే బుద్ధిగా తలకు గుడ్డ చుట్టుకోవడం చూసి మ్వికాలికి కాస్త చివుక్కుమంది. పోనీలే, రక్తసంబంధం కదా అనుకుంది.

పొద్దు గూకే వేళ అతిథులంతా కొండరాతి మీదికి చేరారు. కింద ఎర్రమట్టి పూసుకున్న ఏనుగులు బారులు తీరి నీటికి పోతున్నాయి. మ్వికాలి మడత కుర్చీలు మోసుకొచ్చి, జ్యూసు జగ్గులో పెన్ను ముంచి చూసింది. రంగు మారలేదు.

నలియాకా వాళ్ళకు వీపు తిప్పి రెండు గ్లాసులు నింపింది. ఒకటి తెచ్చి ఇచ్చింది. "తాగండి అత్తా. ప్యాషన్ ఫ్రూట్."

నసిమియు గ్లాసును పెదవుల దాకా తెచ్చి ఆగింది.

"నువ్వో గుటక వేసి ఇవ్వవే."

"నా గ్లాసు నాకుంది కదా అత్తా."

"అది నీది. నేనంటున్నది దీని సంగతి. మనవైపు గంజి పోసినా, కల్లు పోసినా, ఇచ్చేవాళ్ళే మొదటి గుటక వేస్తారు. బుంగోమా పిల్లకి ఒకరు చెప్పాలా?"

నలియాకా నవ్వింది. "ఈ రోజుల్లో అవన్నీ ఎవరు పాటిస్తున్నారత్తా?"

"నేను పాటిస్తున్నాను. తాగు."

నసిమియు గ్లాసు చాచింది. నలియాకా వెనక్కి తగ్గింది, పాముని చూసినట్టు.

జగ్గును పరీక్షించాను, గ్లాసును పరీక్షించలేదు. మ్వికాలికి అప్పుడు తట్టింది. అప్పటికే నలియాకా చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి దూరింది. పిస్తోలు బయటికి తీసి నసిమియు గుండెకు గురిపెట్టింది.

ఇంకొక్క క్షణం ఆలస్యమైతే కేసు అక్కడితో ముగిసేది. మ్వికాలి చేతిలోని మడత కుర్చీ ఆ మణికట్టు మీద ఫట్టున మూసుకుంది. గుండు ఆకాశానికి పోయింది, పిస్తోలు బండ మీద పడింది. కింద ఏనుగులు ఘీంకరించాయి.

"ఇది క్యాంపువాళ్ళ ప్రదర్శనా?" ఒక రిటైర్డ్ టీచరు పక్కావిడను అడిగింది.

మ్వికాలి నలియాకా చేతులు వెనక్కి విరిచి పట్టు స్కార్ఫుతోనే కట్టింది. ఉంగరం రాయి కింద చిన్న గుంట ఉంది. అందులో తెల్లపొడి మిగిలింది. గ్లాసులో పెన్ను ముంచితే మొన నేరేడుపండులా అయింది.

"మీ కోడ్లు, మీ బాసు ప్లాన్లు, అన్నీ ఎప్పుడో ముఠాకి అమ్మేశాను," బుస కొట్టింది నలియాకా. "ఒక ముసలిదాని మాటకి..."

"నువ్వే కదే అత్తా అన్నావు," అంది నసిమియు, తలగుడ్డ విప్పి దులుపుతూ. "కాస్త అత్తరికం చేశాను."

తెల్లవారాక పార్కు రన్‌వే మీద చిన్న విమానం సిద్ధంగా ఉంది. నసిమియు చర్చికి వేసుకునే పసుపు టోపీ పెట్టుకొచ్చింది. మైలు దూరానికి కూడా కనబడుతుంది.

"అమ్మా, కోర్టు దాకా మొహం కప్పుకోండి, దణ్ణం పెడతాను."

"ఈ మొహం చూసే కదే వాడు వణకాల్సింది. చూడనీ."

మ్వికాలి విమానం తలుపు తెరిచి పట్టుకుంది. నిజానికి ఆ టోపీ ఆమెకు నప్పింది.

బెల్టు పెట్టుకోమన్నాడు పైలట్. నసిమియు పెట్టుకుంది. ఆ మిషన్ మొత్తం మీద మనవాళ్ళు ఇచ్చిన ఆదేశాల్లో ఆవిడ పాటించింది అదొక్కటే.