మెట్ల మలుపులో సిపాయి

నోవై ఊళ్ళో రఘువీర్ కొనకముందు నుంచే ఆ ఇంటికి చెడ్డపేరుంది. పొద్దుగూకాక మెట్ల మలుపులో ఒంటరిగా నిలబడొద్దని చుట్టుపక్కలవాళ్ళు చెప్పేవారట.

అక్కడ గోడ మీద నిలువెత్తు ఆయిల్ పెయింటింగ్. మధ్య ఆసియా సిపాయి ఒకడు. బొచ్చు టోపీ, చలికి పగిలిన పెదాలు, తల మీదికి ఎత్తిన కత్తి... పిలిస్తే పలికేట్టుండేవాడు. పాత ఓనరెవరో గోడలోకే బిగించి పోయాడు. పీకితే గోడ ఊడొస్తుంది.

2009లో కార్ల కంపెనీలో రఘువీర్ ఉద్యోగం ఊడింది. భార్య పూజితకి దూరాన వేరే రాష్ట్రంలో, పార్సిప్పనీలో జాబ్ దొరికితే, పిల్లని తీసుకుని ముందు వెళ్ళింది. ఇల్లు అమ్ముడైతేగానీ అతను కదలడానికి లేదు. ఇంట్లో మిగిలింది అతనూ, ఇండియా నుంచి వచ్చిన తల్లి శేషమ్మా.

"నాన్నా, ఎప్పుడొస్తావ్?" అని పిల్ల రోజూ ఫోన్‌లో అడిగేది. ఇల్లు అమ్ముడవగానే, అనేవాడు.

ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళంతా కిచెన్ మెచ్చుకునేవారు, మెట్లెక్కేవారు... అక్కడ ఆగిపోయేవారు. అంతే! గబగబా బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయేవారు.

డిసెంబరు. బయట అప్పుడే చీకటి పడింది. బయ్యర్లని సాగనంపి వచ్చిన రియల్టర్ శ్యామ్‌సుందర్ గొంతు తగ్గించాడు.

"వీళ్ళూ బ్యాక్ అవుట్ అయ్యారు రఘూ. కత్తి మొన మీద బ్లడ్ ఉందట."

"అది పెయింట్ అండీ!"

"తడిగా ఉందంటున్నారు..."

రఘువీర్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన్ని పంపించేసి, విసురుగా మెట్లకేసి నడిచాడు. పైన లైటు లేదు... ఎవరో గొణుగుతున్నారు.

ఒక మెట్టు... ఇంకో మెట్టు...

బొమ్మ ముందు ఎవరో వంగి ఉన్నారు —

లైటు వేశాడు. శేషమ్మ! చేతిలో కుంకుమ భరిణె.

"ఇక్కడేం చేస్తున్నావమ్మా?"

"ఇంటికి కాపలా ఉన్నాడు కదరా. ఇల్లు అమ్ముడయ్యేట్టు చూడు నాయనా అని రోజూ బొట్టు పెడుతున్నా."

అతనికి ఒళ్ళు మండింది. మరుక్షణం నవ్వాగలేదు. ఇన్నాళ్ళూ బేరాలు చెడగొట్టింది చిటికెడు కుంకుమా!

"నీ కుంకుమ చూసి రక్తం అనుకుని జనం పారిపోతున్నారమ్మా! ఇంకెప్పుడూ ఆ కత్తికి పెట్టకు. నీకు దణ్ణం పెడతా."

కుర్చీ వేసుకుని ఎక్కాడు. తడిగుడ్డతో కత్తి మొన తుడిచాడు. ఎర్రగా వచ్చేసింది. హమ్మయ్య! ఈసారి వచ్చేవాళ్ళు కొనేస్తారు. రాత్రికి ఫోన్ చేసి, వచ్చేస్తున్నానని పిల్లకి చెప్పొచ్చు.

"కత్తికా?" కింద నుంచి మెల్లగా అంది శేషమ్మ. "అంత ఎత్తు నాకెక్కడ అందుతుందిరా... నేను పెట్టేది పాదాలకే."